టెక్ సందేహాలు: ఎం-సీల్ జవాన్లను ఫోన్‌తో స్కాన్ చేయడం ఎలా?

ప్రశ్న: ఇంటర్ చదివే రోజుల్లో 1971 యుద్ధం నాటి మన జవాన్ల బొమ్మలు ఎం-సీల్‌తో చేసేవాణ్ని. ఒక్కోటి 54 మి.మీ. ఎత్తు. ఆర్మీలో పనిచేసి వచ్చిన మా నాన్నగారిని అడిగి అడిగి చేసినవి. ఇప్పుడు అటక మీది నుంచి దించి చూస్తే కొన్ని పగిలాయి. తలలు పెద్దవి, తుపాకులు లావు. ఫోన్‌తో స్కాన్ చేసి, తప్పులు సరిదిద్ది త్రీడీ ప్రింట్ తీయవచ్చా? (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: తీయవచ్చు. కానీ మొదటి స్కాన్ ఫైల్‌ను మాత్రం ఉన్నదున్నట్టు దాచండి. దిద్దుబాట్లన్నీ దాని కాపీలోనే. నాన్నగారు చెబుతుంటే విని మీ వేళ్లతో నొక్కిన రూపాలవి, మళ్లీ రావు.

మీరు తప్పులంటున్నవాటిని నేను తప్పులనుకోవడం లేదు. ఈ ఎత్తు బొమ్మలో తల సెనగగింజంత ఉంటుంది. అందులో కళ్లు, మీసం పట్టించాలనుకున్న కుర్రాడికి తల పెరగక తప్పదు. ఇక తుపాకీ సంగతి. 54 మి.మీ. అంటే సుమారు 1/32 స్కేలు. బ్రిటన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ 1893లో బోలు సీసపు సైనికులను పోత పోయడం మొదలుపెట్టాక ఈ కొలత బాగా వ్యాపించింది. అప్పటి మన జవాన్ల రైఫిల్ ఎస్‌ఎల్‌ఆర్ అసలు పొడవు దాదాపు 1.14 మీటర్లు. ఈ స్కేల్లో 36 మి.మీ. దగ్గరికి వస్తుంది, గొట్టం మందం అర మిల్లీమీటరు చిల్లరే. ఎం-సీల్‌తో అంత సన్నగా చేస్తే చెయ్యి తగిలినా విరిగిపోతుంది. లావుగా చేశారు కాబట్టే ఇన్నేళ్లు నిలిచాయి.

స్కానింగ్‌కు పాలీకామ్, కిరి ఇంజిన్, రియాలిటీస్కాన్ యాప్‌లలో ఏదైనా సరిపోతుంది. ఐఫోన్ ప్రో మోడళ్లలో ఉండే లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) గదులు, ఫర్నిచర్ కొలవడానికి బాగుంటుంది, ఇంత చిన్న బొమ్మకు పనికిరాదు. ఫొటోల నుంచి మోడల్ కట్టే పద్ధతే ఎంచుకోండి. బొమ్మను పాత న్యూస్‌పేపర్ మీద పెట్టి, దాన్ని కదపకుండా మీరే చుట్టూ తిరగండి. అక్షరాలు కనిపిస్తుంటే సాఫ్ట్‌వేర్‌కు కెమెరా ఎక్కడుందో పట్టుకోవడం తేలిక. కింద, మధ్యలో, పైన మూడు ఎత్తుల్లో కలిపి 80 ఫొటోల దాకా తీయండి. ప్రతి ఫొటోలో ముందుదాని దృశ్యం సగానికి పైగా కనిపించాలి. మరీ దగ్గరికి వెళ్తే ముక్కు స్పష్టంగా, చెవి మసగ్గా వస్తుంది. కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడండి. ఫ్లాష్ వద్దు, వరండాలో నీడపట్టున ఉండే వెలుతురు చాలు. ఎనామిల్ పెయింట్ మెరుస్తుంటే కుంచెతో కొద్దిగా టాల్కం పౌడర్ అద్దండి, తర్వాత దులిపేయవచ్చు.

బయొనెట్, తుపాకీ గొట్టం ఎలాగూ ముక్కలు ముక్కలుగానే వస్తాయి. వాటిని బ్లెండర్‌లో (ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్) సిలిండర్లుగా విడిగా గీసుకోవాలి. ప్రింట్‌లో గొట్టం బదులు ఇత్తడి తీగ అతికిస్తే ఇంకా మేలు. ఇంకొకటి, ప్రింటింగ్‌కు వాడే ఎస్‌టీఎల్ ఫైల్‌లో రంగులుండవు, కొలమానమూ ఉండదు. అసలు బొమ్మను వెర్నియర్‌తో కొలిచి ఆ ఎత్తును స్లైసర్‌లో (మోడల్‌ను ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) ఇవ్వండి. దాచుకునే కాపీని రంగులతో సహా జీఎల్‌బీ ఫైల్‌గా సేవ్ చేయండి.

పగుళ్ల మాట. లోపల ఇనుప తీగ పెట్టి ఉంటే, మన సముద్రపు తేమకు అది తుప్పు పట్టి ఉబ్బి పుట్టీని చీల్చి ఉండవచ్చు. అందుకే పగిలినవాటిని ముందు స్కాన్ చేయండి.

ప్రశ్న: ఇలాంటి బొమ్మలకే ఇంట్లో రెజిన్ ప్రింటర్ కొందామనుకుంటున్నాను. ఫిలమెంట్‌ది చాలదా? (ఒంగోలు)

జవాబు: ఫిలమెంట్ ప్రింటర్ ప్లాస్టిక్ తీగను కరిగించి పేరుస్తుంది, రెజిన్ ప్రింటర్ ద్రవాన్ని వెలుతురుతో పొరలు పొరలుగా గట్టిపరుస్తుంది. ముఖాలు కావాలంటే రెజినే. 0.05 మి.మీ. పొరల్లో చొక్కా గుండీలు కూడా తెలుస్తాయి. కానీ పడగ్గదిలో మాత్రం పెట్టకండి. వాసన ఘాటుగా ఉంటుంది, పచ్చి రెజిన్ తగిలితే కొందరికి చర్మం మీద ఎలర్జీ వస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ప్రింట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, ఆరాక యూవీ (అతినీలలోహిత) వెలుతురులో గట్టిపరచాలి. దీనికి ఒంగోలు ఎండ చాలు, క్యూరింగ్ మెషీన్‌కు ఇప్పుడే డబ్బు పెట్టనక్కర్లేదు. కడిగిన ద్రవాన్ని సింక్‌లో పోయవద్దు. పిల్లలకు అందకుండా, నిప్పుకు దూరంగా, వెడల్పు పళ్లెంలో ఎండలో ఉంచితే ఆల్కహాల్ ఆవిరై అడుగున రెజిన్ గట్టిపడుతుంది. ఆ గట్టిపడిన ముక్కలనే పారేయండి.