మతిమరుపుకి మొక్కల మందు కనిపెడతానంటోంది మా అమ్మాయి, చేర్చమంటారా?

నర్సరావుపేట నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. నాయనమ్మకి మూడేళ్లుగా అల్జీమర్స్, ఒక్కోసారి మనవరాల్నే "ఎవరమ్మా నువ్వు" అంటున్నారట. దాంతో పిల్ల ఎంబీబీఎస్ వద్దు, మన మొక్కల్లోంచే దీనికి మందు తీస్తా అని పట్టుబట్టింది. బీఏఎంఎస్సా (ఆయుర్వేద డాక్టర్ చదువు), బీఫార్మసీనా, లేక ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్లు ఇంటికొచ్చి చెప్పిన ఏఐ డ్రగ్ డిస్కవరీ (కంప్యూటర్ సాయంతో మందులు వెతకడం) బీటెక్కా అని ఆయన ప్రశ్న. ఉత్తరం చివర్లో ఇంకో మాట ఉంది: డాక్టర్ రాసిన రివాస్టిగ్మిన్ క్యాప్సూల్స్ రెండు నెలల క్రితం ఆపేసి సరస్వతి ఆకు రసం పోస్తున్నాం, ఇంగ్లీషు మందులెందుకని.

అయ్యా, నేను ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. మీరు ఇంగ్లీషు మందు అని ఆపేసిన ఆ రివాస్టిగ్మిన్ మూలం ఏంటో తెలుసా, ఆఫ్రికాలో కాలబార్ అనే ఊరి వైపు పెరిగే ఒక విషపు చిక్కుడు గింజ. అందులోని ఫైసోస్టిగ్మిన్ అనే పదార్థాన్ని 1864లో వేరుచేశారు, దాన్ని నమూనాగా పెట్టుకుని ల్యాబ్‌లో తయారుచేసిన మందు అమెరికాలో అల్జీమర్స్‌కి అనుమతి తెచ్చుకున్నది 2000లో. ఇదే జబ్బుకి వాడే గాలంటమిన్ కూడా అంతే, 1950ల్లో బల్గేరియా వాళ్లు స్నోడ్రాప్ అనే తెల్లపూల మొక్క దుంపల్లోంచి తీశారు, 2001కి గానీ ఈ జబ్బుకి అమెరికా అనుమతి రాలేదు. అంటే మీ అమ్మాయి కలగంటున్న పని లోకంలో జరిగిన పనే, ఆ పని చేసి తెచ్చిన మందునే మీరు పక్కన పడేశారు. ఇవి జబ్బుని నయం చేయవు, కొంతమందికి కొంతకాలం లక్షణాల్ని తగ్గిస్తాయి, అంతే. అయినా పరీక్షకి నిలబడ్డాయి. మీ అమ్మాయి పదేళ్లు చదివి ఏ పరీక్ష చెయ్యాలనుకుంటోందో అది మీరు ఏ లెక్కా పత్రం లేకుండా మీ అమ్మగారి మీద చేసేశారండీ. బాధపెట్టాలని అనట్లేదు, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, ప్రతిసారీ పెద్దవాళ్ల గురించే దిగులు వేస్తుంది.

సరే, పిల్ల సంగతి. ఆమె అనుకుంటున్న పని బయటికి ఎంత అందంగా కనిపిస్తుందో లోపల అంత ఓపిక పని. మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. బ్రాహ్మి అని ఒకచోట మీరు పోస్తున్న సరస్వతి ఆకుని అంటారు, ఇంకోచోట చిత్తడి నేలల్లో పాకే చిన్నాకుల వేరే మొక్కని అంటారు, రెండిటికీ వృక్షశాస్త్రంలో చుట్టరికమే లేదు. శంఖపుష్పి అంటే మనవైపు నీలంపూల తీగ, ఉత్తరాదిలో ఇంకో మొక్క, కొన్నిచోట్ల విష్ణుక్రాంతం. బస్తా మీద ఒకే పేరు, లోపల ఏదైనా ఉండొచ్చు. ఏ మొక్కో తేల్చడం, ఏ నెలలో కోశారో, ఏ భాగమో, అందులో ఏ రసాయనం ఎంతుందో కొలవడం, ఇదంతా ఎలుక దాకా వెళ్లకముందే.

ఎలుక దాకా వెళ్లాక కూడా మోసపోవడం తేలిక. మన కాలేజీల్లో ఎక్కువగా చేసేదేంటంటే ఎలుకకి స్కోపోలమిన్ ఇచ్చి మతిమరుపు తెప్పిస్తారు (అది మన ఉమ్మెత్తలో ఉండే పదార్థమే), తర్వాత మొక్క సారం ఇచ్చి నీళ్లతొట్టిలో దారి గుర్తుపట్టిందా లేదా చూస్తారు. గుర్తుపడితే పేపర్ వచ్చేస్తుంది. కానీ ఆ ఎలుకకి ఉన్నది కొన్ని గంటల మత్తు, మీ అమ్మగారికి ఉన్నది ఏళ్లపాటు మెదడు కణాలు చచ్చిపోయే జబ్బు, రెండూ ఒకటి కాదు కదా. 2012లో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు అశ్వగంధ వేరు సారం మీద చేసిన పని నాకు ఇష్టం, ఎందుకంటే వాళ్లు ఎలుక బాగుపడింది అని ఆగిపోలేదు, ఎలా బాగుపడింది అని వెతికి కాలేయం దగ్గర తేలారు, కాలేయంలో ఒక ప్రోటీన్ పెరిగి మెదడులోని చెత్తని బయటికి లాగడానికి సాయపడిందని చూపించారు. అదీ ఎలుకల్లోనే మరి.

మనుషుల్లో చేస్తే ఏమవుతుందో గింకో విషయంలో చూశాం. అమెరికాలో 75 దాటిన 3,069 మందిని తీసుకుని, సగం మందికి గింకో ఆకు సారం, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు, సుమారు ఆరేళ్లు. 2008లో ఫలితం వచ్చింది: గింకో వాడినవాళ్లలో 277 మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) వచ్చింది, ఉత్త మాత్ర వాళ్లలో 246 మందికి. ఏమీ ఆపలేదు. పసుపు గురించి కూడా అంతే, గాజుపాత్రలో కర్క్యుమిన్ అద్భుతాలు చేస్తుంది, నోట్లో వేసుకుంటే రక్తంలోకి చేరేదే చాలా తక్కువ. మీ అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి, ఆరేళ్లు పనిచేశాక "లేదు, పనిచెయ్యలేదు" అన్న జవాబు వస్తే దాన్ని నిజాయితీగా రాయగలవా తల్లీ అని. అవును అంటే ఆ పిల్లని ఆపకండి.

ఇక ఆ ఏఐ బీటెక్. నా అనుమానం దాచుకోను. కంప్యూటర్లో ఒక మొక్కలోని రసాయనాల్ని ఒక ప్రోటీన్‌కి అతికించి చూడటం, ఏది బాగా అతుక్కుందో దాన్ని తర్వాతి పరీక్షలకి ఎంచడం, దీన్ని డాకింగ్ అంటారు, మంచి పనిముట్టే కానీ అది వెతుకులాటలో తొలి మెట్టు. ఆ రసాయనం పేగు దాటుతుందా, కాలేయంలో మిగులుతుందా, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడ దాటుతుందా, ఇవి చెప్పాలంటే కెమిస్ట్రీ, ఫార్మకాలజీ చేత్తో చేసిన మనిషి కావాలి. పద్దెనిమిదేళ్ల పిల్లకి ముందు అది నేర్పి తర్వాత కోడింగ్ నేర్పొచ్చు, తిరగేసి నేర్పడం కష్టం. ఇంటికొచ్చి ప్యాకేజీ అంకెలు చెప్పినవాళ్లని, మీ దగ్గర ప్రయోగాలకి ఎలుకల్ని పెంచే గది ఉందా, పాత బ్యాచ్ పిల్లలు ఏ ల్యాబుల్లో ఉన్నారు అని అడగండి, జవాబు బట్టి మీకే అర్థమవుతుంది.

బీఏఎంఎస్ రోగిని చూడాలనుకునేవాళ్లకి, తర్వాత ద్రవ్యగుణంలో (ఆయుర్వేద మందు మొక్కల శాస్త్రం) ఎండీ చేస్తే మొక్కల లోతు తెలుస్తుంది. మీ పిల్లకి పరిశోధనే కావాలి కాబట్టి నేనైతే బీఫార్మసీ అంటాను, తర్వాత ఎంఫార్మసీలో ఫార్మకాగ్నసీ (మొక్కల్లాంటి వాటి నుంచి వచ్చే మందుల శాస్త్రం) గానీ ఫార్మకాలజీ (మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పే శాస్త్రం) గానీ. బాలానగర్‌లో నైపర్ (కేంద్రం నడిపే ఫార్మసీ విద్యాసంస్థ), తార్నాకలో ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), బోడుప్పల్‌లో సీమ్యాప్ (ఔషధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రం, అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, మరీ దూరం పంపక్కర్లేదు. జీప్యాట్ (ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష) పాసైతే ఎంఫార్మసీలో నెలకి 12,400 రూపాయలు, పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 37,000, తోడు ఇంటద్దె. అప్పు చేసి చదివించే దారి కాదిది.

అసలు మీ భయం కోర్సు గురించి కాదు, పిల్ల ముప్పై దాకా చదువుతూనే ఉంటుందేమో, చివరికి చేతికి ఏమీ రాదేమో అని. వస్తుందండీ. మందు దొరక్కపోయినా ఒక పదార్థాన్ని కొలవడం, ట్రయల్ నడపడం, డేటా నమ్మొచ్చో లేదో చెప్పడం వచ్చిన మనిషికి హైదరాబాద్ ఫార్మాలో పని దొరక్కపోదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్లి ల్యాబ్‌లో కూర్చుని మందులు తెచ్చారు. రెండు వైపులా గౌరవం ఉన్నవాళ్లకి ఈ రంగంలో చోటుంది.

ఒక్క విషయం మాత్రం అమ్మాయికి మీరే చెప్పాలి, నేను చెప్తే వినదు. ఆమె తెచ్చే మందు నాయనమ్మకి అందదు. పదిహేను, ఇరవై ఏళ్ల పని ఇది. ఆ మాట ఇప్పుడే వింటే కాసేపు ఏడుస్తుంది, వినకుండా వెళ్తే నాయనమ్మ పోయిన రోజున చదువే వదిలేస్తుంది, అలాంటి పిల్లల్ని చూశాను.

నాయనమ్మకి ఇప్పుడు అందేది వేరు. ఈ వారంలోనే న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆకు రసం సంగతి కూడా దాచకుండా చెప్పండి, బీ12, థైరాయిడ్ ఎప్పుడైనా చూశారా అని అడగండి. ఇంట్లో మిగిలిన క్యాప్సూల్స్ మీ అంతట మీరు పాత డోసులో మొదలుపెట్టకండి, ఇన్నాళ్లు ఆపాక దాన్ని మళ్లీ తక్కువ డోసు నుంచి ఎక్కించాలి, లేకపోతే వాంతులు విపరీతం కావొచ్చు. వెళ్లేటప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్లండి, డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు ఆమెనే రాసుకోమనండి.