నలభై దాటాక కోర్సు చేస్తే జీతం పెరుగుతుందా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 44. చాలా ఏళ్లుగా వెల్డర్‌గా పనిచేస్తున్నారు. కంపెనీ పెట్టిన శిక్షణకు రెండుసార్లు వెళ్లినా జీతం పెరగలేదు. ఇప్పుడు సొంత ఖర్చుతో ఏడాది పాటు సాయంత్రం కోర్సు చేస్తానంటున్నారు. నేను డిగ్రీ చదువుతున్నాను. ఈ వయసులో ఆయన చదువుకు డబ్బు పెట్టడం సరైనదేనా?

జవాబు: వయసు గురించిన భయం ముందు వదిలేయండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉద్యోగాలు పోయి మళ్లీ కాలేజీ మెట్లెక్కిన కార్మికుల ఆదాయాలను ఆర్థికవేత్తలు చాలా ఏళ్లపాటు గమనించారు. 35 దాటినవారికి ఏడాది చదువు వల్ల దీర్ఘకాలంలో సంపాదన పురుషులకు సుమారు 8 శాతం, మహిళలకు 10 శాతం పెరిగింది. చిన్నవాళ్లకు దక్కిన ఫలితమూ ఇంచుమించు ఇంతే. అసలు తేడా కోర్సులో ఉంది. సాంకేతిక విషయాలు, గణితం, సైన్స్ చదివినవారు బాగా లాభపడ్డారు. తక్కినవాటికి వచ్చింది స్వల్పమే.

మరి కంపెనీ శిక్షణతో జీతం ఎందుకు పెరగలేదు? దీనికి అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే జవాబు చెప్పారు. ఆ ఒక్క సంస్థలోనే అక్కరకొచ్చే నైపుణ్యానికి బయట గిరాకీ ఉండదు కాబట్టి, జీతం పెంచకపోయినా మనిషి వెళ్లిపోతాడన్న భయం యజమానికి ఉండదు. ఎక్కడికి వెళ్లినా చెల్లే నైపుణ్యం సంగతి వేరు. ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటారన్న బెరుకే జీతాన్ని పైకి లాగుతుంది. మీ నాన్నగారి శ్రమలో లోపమేమీ లేదు. ఆ శిక్షణ బహుశా ఆ సంస్థ యంత్రాలకే పరిమితమై ఉంటుంది.

వెల్డింగ్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించిన పైపును కదపకుండా చుట్టూ అతికించే పరీక్షను 6జీ అంటారు. అతికిన చోటును పట్టీలుగా కోసి వంచి చూస్తారు, లేదా ఎక్స్‌రే తీస్తారు. పరిమితికి మించి పగులు కనిపిస్తే తప్పినట్టే. నెగ్గినవారికి విలువ ఉంటుంది. కానీ కొన్ని ప్రమాణాల ప్రకారం ఏ సంస్థ వెల్డర్లను ఆ సంస్థే పరీక్షించుకోవాలి. పరీక్ష నెగ్గిన వెల్డింగ్ పద్ధతిలో ఆరు నెలలు పని చేయకపోతే అర్హత పోతుంది కూడా. అందుకే సర్టిఫికెట్ చేతికి వచ్చినంత మాత్రాన సరిపోదు, అది ఎవరి దగ్గర చెల్లుతుందో ముందే తెలుసుకోవాలి.

ఈ పనిలో మీ సాయం చాలా అవసరం. ఫీజు కట్టకముందే ఉద్యోగ ప్రకటనలు కొన్ని తీసి, ఆయన చేయబోయే కోర్సు పేరు ఎన్నింటిలో ఉందో ఇద్దరూ కూర్చుని చూడండి. ఎక్కడా కనిపించకపోతే ఆ కోర్సు వద్దని నిస్సంకోచంగా చెబుతాను. పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారని శిక్షణ సంస్థను అడగండి. సూటిగా జవాబు రాకపోతే అనుమానించాల్సిందే. వెల్డింగ్ తనిఖీ వైపు వెళ్లాలనుకుంటే దగ్గరి చూపు పరీక్ష చేయించండి. అతుకుల్లో లోపాలను ఎక్స్‌రే, అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలు) వంటి పద్ధతుల్లో వెతికేవారికి ఏటా ఈ చూపు పరీక్ష తప్పనిసరి. కళ్లజోడుతో నెగ్గినా చాలు.

కోర్సు పూర్తయిన నెలలోనే జీతం పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ బృందం ఉపాధి శిక్షణ వంటి కార్యక్రమాలపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసి 2018లో ప్రచురించింది. శిక్షణ ఫలితం మొదటి ఏడాదిలో దాదాపు కనిపించదని, రెండు మూడేళ్లకు తేటపడుతుందని అందులో తేలింది. పైగా సాయంత్రం తరగతుల వల్ల ఓవర్‌టైం పోతుంది. ఫీజుతో పాటు ఆ నష్టాన్నీ లెక్కలో వేసుకోండి. రిటైర్మెంట్‌కు ఇంకా చాలా ఏళ్లు ఉన్నాయి కాబట్టి, సరైన కోర్సు అయితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఆయనకు తగినంత వ్యవధి ఉంది.

ఇంకొక్క మాట. ఫీజులో కొంత భరిస్తారేమో యజమానిని అడిగి చూడమనండి. ఒప్పుకుంటే బదులుగా ఎన్నేళ్లు అక్కడే ఉండాలంటారో కాగితం మీద చదివాకే సంతకం చేయమనండి.