జెట్స్ సీజన్ టికెట్లు: వదులుకునే ముందు

కెనడా ఐస్ హాకీ జట్టు విన్నిపెగ్ జెట్స్ సీజన్ టికెట్లు (సీజన్‌లో సొంతగడ్డ మీద జరిగే ఆటలన్నిటికీ కలిపి కొనేవి) కొని సగం ఆటలకైనా వెళ్లలేకపోతున్నానని, వదులుకుంటే మళ్లీ దొరకవేమోనని రాశారు. ఆ భయం జట్టు విన్నిపెగ్‌కు వచ్చిన 2011 నాటిది. అప్పట్లో 13,000 సీజన్ టికెట్లు చకచకా అమ్ముడుపోయాయి. 2023 నాటికి ఆ సంఖ్య సుమారు 9,500కు పడిపోయింది. యాజమాన్యమే ఆ మాట బయటపెట్టి, పాత సభ్యులను బతిమాలుకోవాల్సి వచ్చింది. అంటే మీ మాటకు విలువ ఉందన్నమాట!

రద్దు లేఖ ఇప్పుడే పంపకండి. మీ ఖాతా చూసే ప్రతినిధికి ఫోను చేయండి. తక్కువ ఆటల ప్యాకేజీకి మారితే అవే సీట్లు ఉంటాయా, పాత సభ్యులుగా ఉన్న సీనియారిటీ పోతుందా అని సూటిగా అడగండి. జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. ప్రతినిధి మారితే నోటిమాట నీటిమూటే. ఒప్పుకోకపోతే, పనిరోజుల ఆటలను పంచుకునే తోడు కోసం ఆఫీసులో అడిగి చూడండి. ప్లేఆఫ్ టికెట్లు ఎవరికో మాత్రం ముందే తేల్చుకోండి, గొడవలన్నీ అక్కడే.