పేరు ఒక్కటి మారిస్తే చాలదు

సింధూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, నువ్వైనా చెప్పు" అంది. ఎల్జీబీటీఐక్యూ వాళ్ల (లెస్బియన్, గే, ట్రాన్స్‌జెండర్, ఇంటర్‌సెక్స్ లాంటివాళ్ల) గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా తెలుగులో వ్యాసాలు రాస్తానని, పైసా తీసుకోకుండా ఒప్పుకున్నావట. తనకి నీ సంబంధాల టెన్షన్. నాకైతే గర్వంగా ఉంది, కానీ నిద్ర పట్టలేదు.

ట్రాన్స్‌జెండర్, ఇంటర్‌సెక్స్, గే, ఈ మాటలు ఒకదాని బదులు ఒకటి వాడకు. పుట్టినప్పుడు ఆడో మగో అని రాసింది తమది కాదనుకునేవాళ్లు ట్రాన్స్‌జెండర్. పుట్టుకతోనే ఒళ్లు ఆడా మగా లెక్కలో సరిగ్గా ఇమడనివాళ్లు ఇంటర్‌సెక్స్. మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు గే. ట్రాన్స్ మహిళలందరూ హిజ్రాలు కారు. హిజ్రాలది గురువు, చేలాలతో (శిష్యులతో) నడిచే సమాజం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరం చేసిన ఐపీసీ 377వ సెక్షన్‌ను మొత్తం కొట్టేసిందని రాసేవు, అలా కాదు. ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదంది.

ఇక నా తప్పు విను. 1997లో ఆదివారం అనుబంధానికి రాసేదాన్ని. పాతబస్తీలో ఒక హిజ్రా ఛాయ్ ఇచ్చి, తన బతుకంతా చెప్పింది. ఏడాదికోసారి చీర విప్పి, ప్యాంటు చొక్కా వేసుకుని, ఊరెళ్లి అమ్మను చూసొచ్చేదట. నేను పేరు మార్చాను. కానీ చెరువుగట్టు మీది గుడి, బడిపంతులు తండ్రి, మోచేతి మీద కాలిన మచ్చ, అన్నీ రాశాను. రాత బాగుంటుందని. ఆ ఊరివాళ్లకి ఇంకేం కావాలి? దసరాకి వెళ్తే అన్న గుమ్మంలోనే ఆపేశాడు. అమ్మ లోపల దగ్గుతుంటే వినిపించిందట. "పేరు మార్చినవ్ గదక్కా, మచ్చ ఎందుకు రాసినవ్?" అంది. తిట్టనైనా లేదు. అచ్చుకిచ్చే ముందు చదివి వినిపిస్తే తనే తీసేయమనేది. అరగంట పని, సింధూ.

హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని, ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి చట్టం ఉండేది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. నేను పుస్తకం తీయగానే ఆ ఇంట్లో గురువు ఎందుకు లేచి లోపలికి వెళ్లిపోయిందో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

"సున్నితంగా రాస్తాను పెద్దమ్మా" అనకు. నేనూ సున్నితంగానే రాశాను. ఎవరి కథైనా సరే, వాళ్లకు చదివి వినిపించు. వద్దంటే ఎంత మంచి వాక్యమైనా తీసెయ్యి.

అన్నం మానేసి రాయకు తల్లీ. మీ అమ్మతో నేను మాట్లాడతాను. మొదటి వ్యాసం నాకు పంపు. భాష దిద్దను, మచ్చలు ఉన్నాయేమో చూస్తాను.

పెద్దమ్మ