పాఠకుల ప్రశ్నలు: వ్యాను, వాటాలు, పాటలు

ఇండీ (ఇండిపెండెంట్, అంటే స్వతంత్ర) రాక్ సంగీతకారులు తమ బ్యాండు జీవితం గురించి రాసుకున్న ఆత్మకథలపై ఈమధ్య వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో ఒకదానికొకటి సంబంధం ఉన్న ఐదు ప్రశ్నలను ఎంచి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డీన్ వేర్‌హామ్ 2008లో ప్రచురించిన ‘బ్లాక్ పోస్ట్‌కార్డ్స్’ చదివాను. గెలాక్సీ 500, లూనా అనే రెండు బ్యాండ్లలో గడిచిన జీవితం కనుక పాటలు ఎలా పుట్టాయో తెలుస్తుందని ఆశపడ్డాను. తీరా చూస్తే ప్రయాణాలు, హోటల్ గదులు, డబ్బు లెక్కలు, అలకలే ఎక్కువగా కనిపించాయి. సంగీతకారుడు సంగీతం గురించి ఇంత తక్కువ రాయడం లోపం కాదా?

జవాబు: కాదనే నా అభిప్రాయం. టూర్‌లో ఉన్న చిన్న బ్యాండు దినచర్యను ఒకసారి ఊహించుకోండి. పగలంతా వ్యానులో కూర్చుని, సాయంత్రానికి ఊరు చేరి, డ్రమ్ములూ ఆంప్లిఫయర్లూ తామే మోసుకుని లోపల పెట్టి, కచేరీకి ముందు శబ్దం సరిచూసుకునే సౌండ్ చెక్ కోసం కాచుకుని, అది కాస్తా అయ్యాక మళ్లీ గంటల తరబడి ఖాళీగా గడిపి, రాత్రి ఓ గంటసేపు వాయించి, ఆ సామానంతా తిరిగి వ్యానులోకి ఎక్కించి, క్లబ్బు యజమాని దగ్గర ఆ రాత్రి రావలసిన సొమ్ము లెక్క చూసుకుని, ఎక్కడో తల దాచుకుంటారు. ఇందులో సంగీతం పాలు ఎంతో మీరే చూస్తున్నారు. ఆ గంట గురించే రాసి మిగిలిన ఇరవై మూడు గంటలను వదిలేసే పుస్తకం అభిమానులకు ముచ్చటగా ఉంటుందేమో గాని, బ్యాండులో బతకడం ఎలా ఉంటుందో చెప్పదు.

పైగా ఈ పుస్తకంలోని అలకలు మీరు అనుకున్నంత చిన్నవి కావు. 1987లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో గెలాక్సీ 500 మొదలైనప్పుడు అందులో ఉన్నది ముగ్గురే. గిటారు వాయిస్తూ పాడేది వేర్‌హామ్, డ్రమ్ములు డేమన్ క్రుకౌస్కీ, బేస్ గిటారు నయోమి యాంగ్. న్యూయార్క్‌లో బడి రోజుల నుంచి హార్వర్డ్ విశ్వవిద్యాలయం వరకు కొనసాగిన స్నేహం వారిది. బ్యాండుకు పెట్టుకున్న పేరు ఫోర్డ్ కంపెనీ కారుది. పాట ఎవరి నోట మొదలైనా రచన ముగ్గురిదీ అని, వాటా ముగ్గురికీ సమానమని నిర్ణయించుకున్నారు. వినడానికి ఇంతకంటె న్యాయమైన ఏర్పాటు ఉండదు. అయితే ఆ ముగ్గురిలో డేమన్, నయోమి ఒక జంట. ముగ్గురున్న చోట ఇద్దరిది ఎప్పుడూ ఒకటే మాట అయినప్పుడు మూడో మనిషి చేతిలో ఓటు ఉంటుంది గాని, దానితో నెగ్గేది ఏమీ ఉండదు. మరోవైపు నుంచి చూస్తే, వేదిక మధ్యలో నిలబడి పాడేవాడే బ్యాండుకు ముఖమై కూర్చుంటాడు కనుక, వెనక ఉన్న ఇద్దరికీ తమ వంతు మనస్తాపం తమకు ఉంటుంది. ఉమ్మడి కుటుంబాల్లో వేరుపడటానికి ముందు జరిగే తతంగమంతా ఇందులో ఉంది. ఏ పళ్లెంలో ఎవరు ముందు వడ్డించుకున్నారన్న తగవు నిజానికి పళ్లెం గురించి కాదని మనకు వేరే చెప్పనక్కరలేదు.

మూడు ఆల్బమ్‌ల తర్వాత, 1991లో, జపాన్ టూర్ ముందుండగా వేర్‌హామ్ బ్యాండు వదిలేస్తున్నానని ఫోనులో చెప్పాడు. అదే ఏడాది వారి రికార్డులను విడుదల చేసిన రఫ్ ట్రేడ్ సంస్థ దివాలా తీసింది, బ్యాండు రికార్డింగులు వేలానికి వచ్చాయి, డేమన్ వాటిని కొనుక్కున్నాడు. స్నేహం పోయిన వెనుకనే పాటలను కూడా వేలంలో పాడుకోవలసి రావడం ఏ నవలాకారుడైనా కల్పిస్తే అతి చేశాడని అనేవాళ్లం.

ప్రశ్న: పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరాక కూడా ఈ సంగీతకారులు డబ్బుకు ఇబ్బంది పడ్డామనే రాస్తారు. లక్షల డాలర్ల అడ్వాన్సు తీసుకున్నవారి మాట నమ్మదగినదేనా?

జవాబు: నమ్మదగినదే. అడ్వాన్సు అన్న మాటలోనే చిక్కు ఉంది. అది జీతం కాదు, బహుమానం అంతకంటె కాదు. ముందుముందు రాబోయే రాయల్టీ నుంచి కోసుకునే అప్పు. రికార్డింగు ఖర్చు అందులోంచే పోతుంది, మేనేజరు, లాయరు తమ భాగం తీసుకుంటారు, ప్రచారం కోసం కంపెనీ పెట్టిన సొమ్ములోనూ కొంత బ్యాండు ఖాతాలోనే రాస్తారు.

ఈ విషయాన్ని రికార్డింగ్ ఇంజనీరు, సంగీతకారుడు స్టీవ్ ఆల్బినీ 1993లో ‘ద బాఫ్లర్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఊహాజనితమైన ఒక బ్యాండు జమాఖర్చుగా చూపించాడు. ఆ బ్యాండుకు 2,50,000 డాలర్ల అడ్వాన్సు వచ్చింది, రికార్డు 2,50,000 ప్రతులు అమ్ముడైంది. వారి రాయల్టీ 3,51,000 డాలర్లకు లెక్క తేలింది. అందులోంచి అడ్వాన్సు, ప్రొడ్యూసరుకు ఇవ్వవలసిన 40,000, ప్రచారం ఖర్చు 25,000, పాత లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి విడిపించుకోవడానికి చెల్లించిన 50,000 తీసివేస్తే బ్యాండే కంపెనీకి 14,000 డాలర్లు బాకీ పడింది. ముందే అందిన సొమ్ములో ఖర్చులన్నీ పోగా ఒక్కొక్కరి చేతికి మిగిలింది 4,031 డాలర్ల చిల్లర. లెక్క ఊహాజనితమే అయినా అందులోని ప్రతి పద్దూ ఆ వృత్తిలో ఉన్నవారికి తెలిసినదే. నాకు ఈ వ్యాసం చాలా ఆత్మకథల కంటె ఎక్కువ చెప్పిందని ఒప్పుకోవాలి.

వేర్‌హామ్ తర్వాతి బ్యాండు లూనా విషయమూ దాదాపు అంతే. 1992 నుంచి ఎలెక్ట్రా వంటి పెద్ద కంపెనీ ద్వారా రికార్డులు తెచ్చింది, విమర్శకుల మెప్పు పొందింది, కంపెనీ ఆశించినంత అమ్మకాలు మాత్రం రాలేదు. దశాబ్దం చివరకు ఆ సంబంధం తెగింది. బ్యాండు 2005 వరకు నడిచింది.

ఇక మొదటి జవాబులో చెప్పిన సమాన వాటాకు ఒక కొసమెరుపు ఉంది. డేమన్ 2012లో ‘పిచ్‌ఫోర్క్’ పత్రికలో ఒక లెక్క బయటపెట్టాడు. గెలాక్సీ 500 తొలి రోజుల పాట ‘టగ్‌బోట్’ను పండోరా అనే ఇంటర్నెట్ రేడియో సేవలో మూడు నెలల్లో 7,800 సార్లు వినిపించినందుకు రచయితలుగా వారికి వచ్చిన మొత్తం 21 సెంట్లు. మనిషికి ఏడు సెంట్లు. విడిపోయి ఇరవై ఏళ్లు దాటినా పంపకంలో మాత్రం ఎవరికీ అన్యాయం జరగలేదు.

ప్రశ్న: ఇండీ అంటే ఒక సంగీత శైలా, లేక పెద్ద కంపెనీలతో సంబంధం లేకపోవడమా?

జవాబు: మొదట రెండోదే. బ్రిటన్‌కు చెందిన బజ్‌కాక్స్ బ్యాండు 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అనే చిన్న రికార్డును అప్పు చేసి స్వయంగా అచ్చు వేయించుకుని వెయ్యి ప్రతులతో విడుదల చేయడం చాలామందికి దారి చూపింది. బ్రిటన్‌లో 1980లో మొదలైన ఇండీ అమ్మకాల పట్టికలో చోటు దొరకడానికి కూడా రికార్డు పంపిణీ పెద్ద కంపెనీల చేతుల్లో ఉండకూడదన్నదే నియమం గాని, గిటారు ఎలా మోగాలన్నది కాదు. శైలి పేరుగా మారడం తర్వాతి సంగతి. అందుకే ఎలెక్ట్రాలో ఉన్న లూనాను కూడా ఇండీ అని పిలవగలుగుతున్నాం.

ప్రశ్న: ఒకే బ్యాండులోని ఇద్దరు వేర్వేరుగా ఆత్మకథలు రాస్తే ఎవరిని నమ్మాలి?

జవాబు: సోనిక్ యూత్ ఇందుకు మంచి ఉదాహరణ. 1981లో న్యూయార్క్‌లో మొదలైన ఆ బ్యాండులో కిమ్ గోర్డన్, థర్‌స్టన్ మూర్ భార్యాభర్తలు. వారు విడిపోవడం, బ్యాండు ముగియడం రెండూ 2011లోనే జరిగాయి. గోర్డన్ 2015లో వచ్చిన తన పుస్తకాన్ని 2011 నవంబరులో బ్రెజిల్‌లో జరిగిన చివరి కచేరీతో, వేదిక మీద ఒకరి ముఖం ఒకరు చూసుకోని స్థితితో మొదలుపెట్టింది. మూర్ 2023లో రాసిన పెద్ద పుస్తకం తాను విన్న సంగీతాన్నీ, చూసిన కచేరీలనూ పేజీల కొద్దీ వర్ణించి, ఆ విడిపోవడం దగ్గర మాత్రం కొద్ది మాటలతో తప్పుకుంటుంది. ఒకరు అబద్ధం, మరొకరు నిజం అని నేను అనను. ఎవరు దేనిని ఎంతసేపు చెప్పారన్నదే చాలావరకు సమాధానం ఇస్తుంది.

నా మటుకు నేను, రచయిత తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుకున్న చోట్లను గుర్తుపెట్టుకుంటాను. వేర్‌హామ్ తన వివాహం చెడటంలో తన తప్పు ఎంత ఉందో దాచలేదు, అది చదివాక డేమన్, నయోమిల గురించి అతను చెప్పినది కొంత నమ్మబుద్ధి అవుతుంది. కొంత అనడానికి కారణం ఉంది. వారి మాట ఈ పుస్తకంలో వారి నోట వినిపించదు. ఆ ఇద్దరూ ‘ఎగ్జాక్ట్ ఛేంజ్’ అనే ప్రచురణ సంస్థను నడిపినవారు కనుక, పుస్తకాలతో పరిచయం లేని అమాయకులని కూడా జాలిపడనక్కరలేదు.

ప్రశ్న: ఈ బ్యాండ్ల పాటలు ఎప్పుడూ విననివారు ఈ పుస్తకాలు చదవవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నిస్సందేహంగా చదవవచ్చు. త్రోయింగ్ మ్యూజెస్ బ్యాండుకు చెందిన క్రిస్టిన్ హర్ష్ 2010లో తెచ్చిన ‘ర్యాట్ గర్ల్’తో మొదలుపెట్టండి. పద్దెనిమిదేళ్ల వయసులో, 1985లో, తాను రాసుకున్న డైరీ ఆధారంగా ఒక్క ఏడాదిని మాత్రమే చెప్పింది. మానసిక అనారోగ్యం, గర్భం, బ్యాండు ఎదుగుదల, మూడూ ఆ ఏడాదిలోనే ఆమె మీదకు వచ్చాయి. వెనక్కి తిరిగి చూసి సర్దిచెప్పుకునే పెద్దరికం ఆ గొంతులో లేదు. ఆ తర్వాత స్లీటర్-కినీ బ్యాండులోని క్యారీ బ్రౌన్‌స్టీన్ పుస్తకం చదివితే, 2006 టూర్‌లో ఒంటి మీద సర్పి లేచిన స్థితిలో ఆమె ఎలా కుప్పకూలిందో, దానితో బ్యాండు ఎలా ఆగిపోయిందో చూస్తారు.

వేర్‌హామ్ పుస్తకం చదివే ముందు మాత్రం గెలాక్సీ 500 రెండో ఆల్బమ్ ‘ఆన్ ఫైర్’, 1989 నాటిది, ఒకసారి వినమని నా సలహా. సాధారణంగా అడుగున ఉండిపోయే బేస్ గిటారును నయోమి పై స్థాయిలో, పాటకు రెండో రాగంలా వాయిస్తుంది. ఆ ముగ్గురిలో ఎవరి వాటా ఎంతన్న తగవులో మీ చెవికి కూడా ఒక అభిప్రాయం ఏర్పడుతుంది.