ఒంటి నిండా దద్దుర్లు.. బాబుకు గుడ్డు మాన్పించాలా?

ప్రశ్న: మాది కర్నూలు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా బాబుకు ఐదేళ్లు. నాలుగు రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయి. పొద్దున్నకి మాయమై, మళ్లీ ఇంకోచోట వస్తున్నాయి. పోయిన వారం జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. రోజూ తినేవే అయినా గుడ్డు, పాలు, వేరుశనగ మాన్పించాం. ఫలితం లేదు. మా అత్తగారు గొంగళితో రుద్దమంటున్నారు. అలర్జీ టెస్టులు చేయించాలా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: ముందు బాబుకు గుడ్డు పెట్టేయండమ్మా. పాలు, వేరుశనగ కూడా. తిండి పడక వచ్చే దద్దుర్లు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపే కనిపిస్తాయి. మీరు మాన్పించాక కూడా వస్తున్నాయంటే వాటి తప్పేమీ లేనట్టే. నాకు అనుమానం పోయిన వారం జ్వరం మీదే. పిల్లల్లో ఇలా హఠాత్తుగా వచ్చే దద్దుర్లకు ఎక్కువగా కారణం వైరస్‌లే. జ్వరం తగ్గినా, ఆ హడావిడిలో చర్మంలోని కొన్ని కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతూనే ఉంటాయి. దానివల్లే వాపు, దురద. ఆ జ్వరానికి కొత్త మందు ఏదైనా వాడి ఉంటే మాత్రం ఆ చీటీ డాక్టరుకు చూపించండి.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీసి, టైమ్ రాసుకోండి. 24 గంటల్లోపు అది అక్కడ మాయమైతే మామూలు దద్దురే. కదలకుండా అక్కడే ఉండి, నొప్పి పెట్టి, కమిలినట్టు మచ్చ మిగిల్చితే డాక్టరుకు చూపించాలి. ఫోన్లో ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. పిల్లాడు క్లినిక్‌కు వచ్చేసరికి ఒళ్లు శుభ్రంగా ఉండటం మాకు రోజూ అనుభవమే!

గొంగళి సంగతి అత్తగారికి మెల్లగా చెప్పండి. రుద్దితే ఇంకా లేస్తాయి. తడిగుడ్డ వేయండి, వదులైన నూలు బట్టలు తొడగండి. సెట్రిజిన్ సిరప్ బాగా పనిచేస్తుంది, కానీ మోతాదు మీ పిల్లల డాక్టరునే అడగండి. జ్వరానికి ఐబుప్రోఫెన్ ఇస్తే కొందరిలో దద్దుర్లు పెరుగుతాయి, పారాసిటమాల్ మేలు. ఇక ఒకేసారి పాతిక ముప్పై పదార్థాలకు చేసే ఆ రక్తపరీక్షల ప్యాకేజీలు ఇప్పుడు వద్దు. అందులో బాబు ఒంటికి పడేదే ఏదో ఒకటి తప్పుగా పాజిటివ్ అని రావచ్చు, ఆ కాగితం చూసి మీరు మళ్లీ గుడ్డు మాన్పిస్తారు. చాలామందిలో ఇవి రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. ఆరు వారాలు దాటితే అప్పుడు కారణం వెతుకుదాం.

అయితే దద్దుర్లతో పాటు నాలుక, గొంతు వాచినా, ఆయాసం, గొంతు బొంగురు, ఆగని వాంతులు, సొమ్మసిల్లడం కనిపించినా సిరప్ ఇచ్చి చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అన్నట్టు, ఇది అంటుకునేది కాదు. బాబు హుషారుగా ఉంటే స్కూలుకు పంపండి.