ఒక్క ఇంటర్వ్యూ పోయిందని నెట్‌వర్కింగ్ మానేయాలా?

ప్రశ్న: మా అబ్బాయిని ఈసీఈలో నేనే చేర్పించాను, తర్వాత అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్‌కీ నేనే పంపాను. మొన్న ఇంటర్వ్యూలో, రూటర్లు దారులు తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో ప్రయారిటీకీ కాస్ట్‌కీ తేడా అడిగితే చెప్పలేకపోయాడు. క్లౌడ్ కోర్సుకు మార్పించమంటారా? రెండిట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, పెట్టిన డబ్బూ గడిచిన ఏడాదీ నీళ్లపాలయ్యాయేమోనన్నదే మీ టెన్షన్ అని నాకు అర్థమైందండీ. ఏమీ పోలేదు. ఆ ప్రశ్న దగ్గర చాలామంది పిల్లలు తడబడతారు, ఎందుకంటే ప్రయారిటీ పెంచితే ట్రాఫిక్ ఆ రూటర్ మీదుగా వెళ్తుందనుకుంటారు. వెళ్లదు. ఒకే స్విచ్ మీదున్న రూటర్లలో డెసిగ్నేటెడ్ రూటర్ (డీఆర్), అంటే దారుల సమాచారం అందరికీ చేరవేసే పెద్ద, ఎవరో తేల్చడానికే ప్రయారిటీ. దారి ఎటో తేల్చేది కాస్ట్, అది తక్కువున్న దారినే ట్రాఫిక్ వెళ్తుంది.

సిస్కో రూటర్లో ప్రయారిటీ మనం మార్చకపోతే 1 ఉంటుంది, 0 పెడితే ఆ రూటర్ పోటీలోనే ఉండదు, డీఆర్ ఎన్నిక అయిపోయాక 255 పెట్టినా వెంటనే ఏమీ మారదు. కాస్ట్ సంగతికొస్తే, రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ అనే అంకెను లింక్ వేగంతో భాగిస్తే వచ్చేదే కాస్ట్; ఆ అంకెను 100 ఎంబీపీఎస్ దగ్గరే వదిలేస్తే ఫాస్ట్ ఈథర్‌నెట్‌కీ గిగాబిట్‌కీ 1 వస్తుంది, పదిరెట్లు వేగమున్న లింక్ కూడా మామూలు లింక్‌లాగే కనిపిస్తుంది. అందుకే ఆ రిఫరెన్స్‌ను పెంచాలి, అదీ అన్ని రూటర్లలోనూ. ఇక పక్క రూటర్ ఏదో చెప్పే నైబర్ కమాండ్‌తో, అందరికీ ఒకేసారి సందేశం పంపలేని ఎన్‌బీఎంఏ నెట్‌వర్క్‌లో ప్రయారిటీ ఇస్తాం, ఒక రూటర్ నుంచి చాలా రూటర్లకు విడివిడి లింకులుగా చూసే పాయింట్ టు మల్టీపాయింట్‌లో ఒక్కో నైబర్‌కు విడిగా కాస్ట్ ఇస్తాం. అబ్బాయి ప్యాకెట్ ట్రేసర్‌లో (కంప్యూటర్ మీదే నెట్‌వర్క్ కట్టి చూసే సిస్కో సాఫ్ట్‌వేర్) మూడు రూటర్లు ఒక స్విచ్‌కి కలిపి, ఒకదాని ప్రయారిటీ పెంచి, డీఆర్ మారలేదని కళ్లారా చూసి, కాన్ఫిగరేషన్ సేవ్ చేసి మూడింటినీ ఒకేసారి ఆపి ఆన్ చేసి, అప్పుడు డీఆర్ మారడం చూస్తే ఇంకెప్పుడూ మర్చిపోడు.

క్లౌడ్ అంటే నాకు అనుమానాలున్నాయి. అక్కడా సబ్‌నెట్లే (నెట్‌వర్క్‌లో చిన్న భాగాలు), రూట్ టేబుళ్లే (దారుల పట్టికలు), ఆఫీసు నెట్‌వర్క్‌ని కలపాలంటే చాలాచోట్ల బీజీపీ, అంటే వేర్వేరు నెట్‌వర్కులు దారులు చెప్పుకునే పద్ధతి. సర్టిఫికెట్ తెచ్చుకుని, సర్వర్ ఎందుకు అందట్లేదో చెప్పలేక మళ్లీ నా దగ్గరికొచ్చిన పిల్లలున్నారు. కావాలంటే ఏడాది తర్వాత నేర్చుకుంటాడు, ఈ పునాది అప్పుడూ పనికొస్తుంది.

కోపం తెచ్చుకోకండి, ఈసీఈ మీరే, కోచింగ్ మీరే, ఇప్పుడు క్లౌడ్ కూడా మీరేనా? అబ్బాయికి ఏమనిపిస్తోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ముందు అది అడగండి, ఇంటర్వ్యూ ఊసెత్తకుండా.